కంచె కట్టిన శనివారం

పాఠాలు చెప్పేది పాస్టరు గారు.
పడటం నేర్పేది నేను.

పన్నెండు ఆదివారాలు, ఆరాధన అయ్యాక,
రేకుల కప్పు కింద బల్లలు పక్కకు నెట్టి
ఒక్కొక్కరినీ నా మోచేతి మీదికి వాల్చుకుంటాను.
ఒక చెయ్యి గుండె మీద. ఒకటి ముక్కు దగ్గర.
వంచాల్సింది మోకాళ్ళు, నడుము కాదు.
కళ్ళు మీ ఇష్టం.

పడే తీరులో మనిషి తెలిసిపోతాడు.
ఇటుకలు కాల్చే బిజివేకి
ఒరిగే ముందు ప్రతిసారీ వెనక్కి చూస్తాడు,
తాను కట్టిన గోడకే ఆనుకోలేనివాడిలా.
డోరికాకి నవ్వాగదు.
మొక్కజొన్న మర దగ్గర పనిచేసే లాస్టెన్
కొయ్యలా బిగుసుకుపోయి, లేచి, ‘అన్నా, మళ్ళీ’ అంటాడు.

ఎసినాటి ముసలమ్మ మాత్రం పడదు.
నా అరచెయ్యి వీపుకు తగలగానే
ఒక అడుగు ముందుకేస్తుంది.

సంఘానికి తెల్ల అంగీలు మూడే.
మనుషులు ఏడుగురు.
తడిసినదాన్ని పిండి తర్వాతివాళ్ళకి తొడగాలి.
నీళ్ళలో పైకి తేలకుండా
అంచుల్లో గులకరాళ్ళు పెట్టి కుట్టింది నా భార్య.
ఆ రాళ్ళను వేలితో ఒక్కొక్కటే తడిమి లెక్కపెట్టింది ఎసినాటి.
అంగీ వేసుకుని చూడలేదు.

పుస్తకంలో ఇరవై ప్రశ్నలు.
ఏడోదాని దగ్గర ఆమె ఎప్పుడూ ఆగిపోతుంది.
ఒకరోజు పాస్టరు గారు పుస్తకం మూసి అడిగారు:
‘నీళ్ళలో ఏం వదిలేసి వస్తారు?’
సారా అన్నారొకరు. అబద్ధాలు అన్నారింకొకరు.
అన్నతో పొలం తగాదా అన్నాడు బిజివేకి, గొంతు తగ్గించి.
ఎసినాటి అంది:
‘నేను ఇవ్వాల్సింది ఆ ఏరు ఎప్పుడో తీసేసుకుంది.’

షిరే నది సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు.
ఆమె చెల్లెలు నీళ్ళకోసం వంగిన చోట
బకెట్టు ఒక్కటే తేలింది.
పదకొండేళ్ళు.
అప్పట్నుంచి రెండు మైళ్ళు నడిచి
బోరింగు నీళ్ళు మోసుకొస్తుంది,
ఏరు కంటపడని దారిలో.

‘డ్రమ్ములో నీళ్ళు నింపి మీ పెరట్లోనే ఇస్తానమ్మా’ అన్నారు పాస్టరు గారు.
చాలాసేపు ఆలోచించింది.
‘డ్రమ్ములో మేకపిల్లల్ని కడుగుతాం’ అంది.

ప్రతి బాప్తిస్మానికీ ముందురోజు మా పరిచారకుల పని ఇది:
వెదురు గుంజలు ఏటి అడుగుకి దిగ్గొట్టి
మధ్యమధ్య ముళ్ళకంప అల్లి
మొసలి దూరలేని చిన్న గదిని
ప్రవాహంలోంచి విడదీయడం.
లోతు చూసే గడ నా చేతిలో ఉంది.
వెనక నుంచి గొంతు:

‘మూడు నెలలుగా మమ్మల్ని సిద్ధం చేస్తున్నారు.
ఏటిని ఎవరు సిద్ధం చేస్తున్నారో చూద్దామని వచ్చాను.’

గట్టున కూర్చుంది కాసేపు.
మేం వేసిన ముడులు చూసి నాలుక చప్పరించింది.
చాపలు అల్లి ముదిరిన చేతులు.
‘ఇది తడిస్తే జారుతుంది’ అని తాటినార లాక్కుంది.

మొదటి గుంజని ఒడ్డు మీంచే కట్టింది.
రెండోదానికి చీలమండలు తడిశాయి.
తర్వాత తిట్టుకుంటూ కట్టింది,
నార పేల్చినవాణ్ణి, వెదురు కొట్టినవాణ్ణి, నన్ను.
ఎనిమిదో గుంజ దగ్గర
నీళ్ళు ఆమె నడుము దాటాయి.

చూశాను. చెప్పలేదు.
లాస్టెన్ ఏదో అనబోయాడు.
గడ మొనతో వాడి కాలు నొక్కాను.

ఎండ నడినెత్తికి వచ్చింది.
గుంజల్ని ఒక్కొక్కటే పట్టుకుని ఊపి చూస్తూ
‘ఆ ఏడో ప్రశ్న ఏమిటి?’ అంది.
ఇరవై ఏళ్ళుగా వింటున్నాను.
పాతిపెట్టబడటం, లేవడం, కొత్త జీవం, ఏదో ఉంది,
ఒక్క మాటా వరసలో రాలేదు.
‘గుర్తు లేదమ్మా.’

‘సరే. రేపు మాత్రం నువ్వు నన్ను చూడకు.
నీ కళ్ళు నీళ్ళమీదే ఉండాలి.’

ఇంకొంచెం నార కావాలని
అటు తిరిగే ఉండి
చెయ్యి వెనక్కి చాపింది.